సీఆర్‌పీ పెరిగింది, యాంటీబాడీలు కనిపించాయి: వైరల్ న్యుమోనియా రిపోర్టును ఎలా చదవాలి?

క్లుప్తంగా: సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్, ఐఎల్-6 లాంటి రక్త పరీక్షలు ఒంట్లో వాపు ప్రక్రియ ఏ స్థాయిలో ఉందో చెబుతాయి. దానికి కారణం వైరసా, బ్యాక్టీరియానా, మరొకటా అన్నది వాటంతట అవి తేల్చలేవు. యాంటీబాడీ పరీక్ష చెప్పేది వేరే సంగతి: వైరస్‌ను శరీరం గుర్తుపట్టిందా లేదా అని. ఈ రెండూ జబ్బులో వేర్వేరు రోజుల్లో పెరుగుతాయి. అందుకే జ్వరం మొదలై ఎన్నో రోజో తెలియకుండా రిపోర్టులో అంకె చదివితే సగం సమాచారమే చేతికొస్తుంది. మందుల నిర్ణయాలు ఎక్కువగా తప్పింది ఆ మిగతా సగం దగ్గరే.

కోవిడ్ సెకండ్ వేవ్ నడిచిన 2021 ఏప్రిల్, మే నెలల్లో తెలుగు ఇళ్లలో పలకరింపే మారిపోయింది. "ఎలా ఉంది ఒంట్లో?" అనే మాట పోయి "సీఆర్‌పీ ఎంతొచ్చింది? డి-డైమర్ చేయించారా?" అనే మాట వచ్చింది. గుంటూరులో ల్యాబ్ పంపిన పీడీఎఫ్ పది నిమిషాల్లో డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు, అక్కడి నుంచి తెలిసిన డాక్టరుకు చేరేది. అంకె పక్కన బోల్డ్‌లో 'హై' అని కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. మే 3న అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా విలేకరుల ముందు ఇదే విషయం మాట్లాడాల్సి వచ్చింది. స్వల్ప లక్షణాలున్నవారు మాటిమాటికీ ఈ పరీక్షలు చేయించుకోవడం వల్ల మేలు లేదని, అంకెలు చూసి భయపడి స్టెరాయిడ్లు ముందే మొదలుపెట్టడం ప్రమాదమని ఆయన చెప్పారు.

ఆ హడావుడి తగ్గింది కానీ అయోమయం తగ్గలేదు. ఫ్లూ ముదిరి ఊపిరితిత్తులకు పాకినా, పిల్లల్లో ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ వచ్చినా, ఆస్పత్రిలో రాసిచ్చే పరీక్షల చీటీ దాదాపు అదే.

### న్యుమోనియా వార్డులో పుట్టిన పరీక్ష

సీఆర్‌పీ చరిత్ర న్యుమోనియాతోనే మొదలైంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆస్వాల్డ్ ఎవరీ ప్రయోగశాలలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన రకరకాల పదార్థాలతో కలిపి చూస్తున్నారు. వాటిలో 'సి' అని పేరు పెట్టుకున్న పదార్థం రోగి సీరంతో కలిసినప్పుడు మడ్డిలా అడుగున చేరింది. యాంటీబాడీ కలిసినప్పుడు కనిపించేదీ ఇలాంటిదే. తేడా ఒక్కటే. యాంటీబాడీలు జబ్బు తగ్గుముఖం పట్టే వేళకు పెరుగుతాయి. ఇది మాత్రం జ్వరం మండిపోతున్నప్పుడు బలంగా ఉండి, రోగి కోలుకోగానే మాయమైంది. 'సి'తో చర్య జరిపే ప్రోటీన్ కాబట్టి సి-రియాక్టివ్ ప్రోటీన్ అయింది.

ఈ వ్యాసంలో చెప్పబోయే తేడా అంతా ఆ ఒక్క గమనింపులోనే ఉంది. ఇందులో ఫ్రాన్సిస్ పేరు గుర్తుంచుకోవాలి, ముప్పై ఏళ్ల తర్వాత యాంటీబాడీల కథలో మళ్లీ వస్తుంది.

సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం. ఊపిరితిత్తుల్లో కణాలు దెబ్బతిన్నప్పుడు అక్కడి రోగనిరోధక కణాలు ఐఎల్-6 అనే సంకేత ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది కాలేయానికి చేరగానే ఉత్పత్తి మొదలవుతుంది. కొన్ని గంటల్లో పెరగడం మొదలై, ఒకటిన్నర రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. దాని అర్ధాయువు సుమారు 19 గంటలు. అంటే కారణం తొలగిపోతే, రక్తంలో ఉన్నది రోజుకు సగానికి పైగా తగ్గిపోవాలి. తగ్గడం లేదంటే లోపల ఇంకా ఏదో రగులుతోందని అర్థం. ఒక్కసారి చేసిన పరీక్ష కంటే, రెండు మూడు రోజుల తేడాతో చేసిన రెండు పరీక్షలకు విలువ ఎక్కువ ఉండటానికి కారణం ఇదే.

### అంకె కంటే ముందు యూనిట్ చూడాలి

ఒక రిపోర్టు ఊహించుకుందాం. సి-రియాక్టివ్ ప్రోటీన్ అన్న వరుసలో 8.6 అని ఉంది. ఇంకో ల్యాబ్ రిపోర్టులో 86 అని ఉంది. రెండూ ఒకటే కావచ్చు. మొదటిది డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, రెండోది లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటే తేడా ఏమీ లేదు. ల్యాబ్ మారినప్పుడు "ఒక్క రోజులో పదింతలు తగ్గిపోయింది" అని సంబరపడటం, లేదా పెరిగిందని బెంబేలెత్తడం ఇలాగే జరుగుతుంది. మామూలుగా లీటరుకు 5 లేదా 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణం అంటారు.

డి-డైమర్ దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ వల తెగినప్పుడు మిగిలే ముక్క ఇది. న్యుమోనియాలో గాలి గదుల చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, అక్కడ చిన్న చిన్న గడ్డలు కడతాయి, కరుగుతాయి. కొన్ని కిట్లు ఫలితాన్ని ఎఫ్‌ఈయూ అనే లెక్కలో ఇస్తాయి, కొన్ని డీడీయూ లెక్కలో ఇస్తాయి. మొదటి లెక్క రెండోదానికి సుమారు రెట్టింపు. ఒకచోట 600, మరునాడు ఇంకోచోట 300 వస్తే సగానికి తగ్గినట్టు కాకపోవచ్చు. పైగా వయసుతో పాటు డి-డైమర్ సహజంగానే పెరుగుతుంది. మామూలుగా హద్దుగా చెప్పే మిల్లీలీటరుకు 500 నానోగ్రాములు అనే గీత ఎఫ్‌ఈయూ లెక్కలోది. యాభై దాటినవారిలో కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ లేదని నిర్ధారించడానికి వయసును పదితో గుణించి హద్దుగా తీసుకునే పద్ధతి ఉంది. డెబ్బై ఐదేళ్ల పెద్దాయనకు ఆ లెక్కన 750. ల్యాబ్ రిపోర్టు మాత్రం ఇరవై ఐదేళ్ల మనవడికీ ఆయనకూ ఒకే గీత గీసి 'హై' అని ముద్ర వేస్తుంది.

ఫెరిటిన్ ఇనుమును దాచుకునే ప్రోటీన్. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు సూక్ష్మక్రిములకు ఇనుము దొరక్కుండా శరీరం దాన్ని కణాల్లో దాచేస్తుంది, ఫెరిటిన్ పెరుగుతుంది. ఇక్కడ మన దేశానికి సంబంధించిన చిక్కొకటి ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి ప్రధాన కారణాల్లో ఇనుము లోపం ఒకటి. మామూలు రోజుల్లో ఫెరిటిన్ 10 ఉండే ఆమెకు న్యుమోనియాలో 120 వచ్చిందంటే పన్నెండింతలు పెరిగినట్టు. రిపోర్టు మాత్రం 'నార్మల్' అంటుంది.

ఎల్‌డీహెచ్ దెబ్బతిన్న కణాల నుంచి కారే ఎంజైమ్. అల్బుమిన్ వీటికి ఎదురు దిక్కున నడుస్తుంది, జబ్బు ముదిరే కొద్దీ తగ్గుతుంది. కేఎల్-6, ఎస్‌పీ-డి లాంటివి ఊపిరితిత్తుల కణాల నుంచే రక్తంలోకి వచ్చే ప్రోటీన్లు కాబట్టి సూటిగా అక్కడి నష్టాన్నే చూపిస్తాయి. వీటి వాడకం ఎక్కువగా పరిశోధనలకు, పెద్ద కేంద్రాలకు పరిమితం.

### వైరసా, బ్యాక్టీరియానా?

న్యుమోనియా రోగి వచ్చినప్పుడు డాక్టరు ముందున్న మొదటి ప్రశ్న ఇదే, ఎందుకంటే యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. సీఆర్‌పీ ఇక్కడ పెద్దగా సాయం చేయదు. వైరల్ జబ్బుల్లో తక్కువగా, బ్యాక్టీరియా జబ్బుల్లో ఎక్కువగా ఉంటుందన్నది స్థూలంగా నిజమే. అయితే పిల్లల్లో అడినోవైరస్ ఒక్కటే సీఆర్‌పీని బ్యాక్టీరియా స్థాయికి తీసుకెళ్లగలదు, కోవిడ్ న్యుమోనియాలో వంద దాటడం మామూలే.

ప్రోకాల్సిటోనిన్ కాస్త నయం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది థైరాయిడ్ గ్రంథిలో కాల్సిటోనిన్ హార్మోన్‌కు ముడిసరుకు మాత్రమే, రక్తంలో దాదాపు ఉండదు. బ్యాక్టీరియా విషపదార్థాలు తగిలినప్పుడు శరీరంలోని అనేక కణజాలాలు దీన్ని తయారుచేస్తాయి. వైరస్ వచ్చినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్ ఈ ఉత్పత్తిని అణిచిపెడుతుంది. ఇన్‌ఫెక్షన్‌తో దీనికున్న సంబంధం 1993లో బయటపడ్డాక, వైరస్‌కూ బ్యాక్టీరియాకూ మధ్య గీత దొరికేసిందని చాలామంది ఆశపడ్డారు. ఆ ఆశ పూర్తిగా నిలబడలేదు. మైకోప్లాస్మా లాంటి కొన్ని బ్యాక్టీరియాల్లో ఇది పెద్దగా పెరగదు. కిడ్నీలు పాడైనవారిలో ఇన్‌ఫెక్షన్ లేకుండానే ఎక్కువగా ఉండొచ్చు. ఎక్స్‌రేలో న్యుమోనియా తేలిన పెద్దలకు, ప్రోకాల్సిటోనిన్ తక్కువగా ఉందన్న కారణంతో యాంటీబయాటిక్ మొదలుపెట్టడం ఆపొద్దని అమెరికా వైద్య సంఘాలు 2019 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాశాయి. మొదలుపెట్టిన మందును ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడంలో దీని ఉపయోగం ఎక్కువ.

ఒకే ప్రోటీన్‌తో పని జరగదని తేలాక, రెండు మూడింటిని కలిపి చూసే పరీక్షలు వచ్చాయి. ఉదాహరణకు ట్రెయిల్ అనే ప్రోటీన్ వైరల్ జబ్బుల్లో పెరిగి బ్యాక్టీరియా జబ్బుల్లో తగ్గుతుంది. దాన్ని ఐపీ-10 అనే మరో ప్రోటీన్‌తో, సీఆర్‌పీతో కలిపి ఒకే స్కోరుగా ఇచ్చే పద్ధతి అలాంటిదే.

### మూడో రోజు వేరు, ఎనిమిదో రోజు వేరు

కోవిడ్ న్యుమోనియా నడక ఇప్పుడు బాగా తెలిసిందే. మొదటి వారం వైరస్‌ది. గొంతులో, ముక్కులో అది విపరీతంగా పెరిగే రోజులవి. రెండో వారంలోకి అడుగుపెట్టేసరికి వైరస్ తగ్గుతూ ఉంటుంది, కొందరిలో మాత్రం శరీరం చేసే ఎదురుదాడి అదుపు తప్పుతుంది. ఆక్సిజన్ పడిపోయేది ఎక్కువగా అప్పుడే.

ఈ లెక్క పట్టించుకోకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే చూపించింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీదున్నవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలేమీ కనిపించలేదు. మందు తీసుకున్నవారిలో 17.8 శాతం, తీసుకోనివారిలో 14 శాతం చనిపోయారు. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కానీ కీడు జరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేం. మందు ఒకటే, మోతాదు ఒకటే. అక్కడ గీత గీసింది సీఆర్‌పీ కాదు, ఆక్సిజన్ అవసరం. సెకండ్ వేవ్‌లో మన దగ్గర చాలా చోట్ల ఇది తిరగబడింది. మూడో రోజున, ఆక్సిజన్ 98 ఉన్న మనిషికి, సీఆర్‌పీ 20 దాటిందని స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో రోగనిరోధక శక్తి కాళ్లు కట్టేయడం అది. షుగర్ ఉన్నవారిలో అదే స్టెరాయిడ్ బ్లాక్ ఫంగస్‌కూ దారి చేసింది.

### 'సైటోకైన్ తుఫాను' ఎంత పెద్దది?

ఐఎల్-6 లాంటి సంకేత ప్రోటీన్లనే సైటోకైన్లు అంటారు. అవి అదుపు తప్పి పెరగడాన్ని తుఫాను అన్నారు, ఐఎల్-6 పేరు అప్పట్లో ఆ మాటతో కలిసి ప్రచారమైంది. తీరా వేర్వేరు అధ్యయనాలను కలిపి చూస్తే, తీవ్రమైన కోవిడ్ రోగుల్లో ఐఎల్-6 సగటు మిల్లీలీటరుకు 36.7 పికోగ్రాములే ఉంది. మామూలు సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగుల్లో ఇది పాతిక రెట్లకు పైగా ఎక్కువ ఉంటుంది. అంటే తుఫాను అన్న పేరు కొంత అతిశయోక్తే.

అయినా ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ కొందరికి పనిచేసింది. రికవరీ ట్రయల్‌లో ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ 75 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారిని మాత్రమే ఎంచుకుని ఇస్తే, 28 రోజుల్లో మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఇక్కడ సీఆర్‌పీ సరైన ప్రశ్నకు జవాబిచ్చింది: ఆక్సిజన్ ఇప్పటికే తగ్గిన మనిషిలో ఐఎల్-6 దారి ఎంత చురుగ్గా ఉంది అని.

ఈ మందు తర్వాత రిపోర్టు చదవడంలో ఒక ఉచ్చు ఉంది. టోసిలిజుమాబ్ ఐఎల్-6 వెళ్లి కూర్చునే గ్రాహకాన్ని మూసేస్తుంది. కూర్చోవడానికి చోటు లేక ఐఎల్-6 రక్తంలోనే పేరుకుంటుంది. కాబట్టి మందు పనిచేస్తున్నా ఐఎల్-6 రిపోర్టు పెరుగుతుంది. అదే సమయంలో కాలేయానికి సంకేతం అందక సీఆర్‌పీ పడిపోతుంది, కొన్ని వారాల పాటు అలాగే ఉండొచ్చు. ఆ వారాల్లో కొత్తగా బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వచ్చినా సీఆర్‌పీ మౌనంగానే ఉంటుంది. "సీఆర్‌పీ నార్మల్, ఇంకేం భయం లేదు" అనుకోవడం ప్రమాదమయ్యేది అప్పుడే.

### యాంటీబాడీలు ఆలస్యంగా వస్తే

యాంటీబాడీల విషయానికొస్తే, పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం ముందు ఐజీఎం అనే రకం, తర్వాత ఐజీజీ అనే రకం యాంటీబాడీలు రావాలి. కోవిడ్‌లో ఆ వరుస సరిగ్గా కనిపించలేదు. చాలామందిలో రెండూ దాదాపు ఒకేసారి, లక్షణాలు మొదలైన రెండో వారంలో కనిపించాయి. మూడో వారం ముగిసేలోపు ఆస్పత్రిలో చేరినవారిలో దాదాపు అందరికీ ఐజీజీ వచ్చింది. జ్వరం వచ్చిన నాలుగో రోజున యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ రావడంలో వింతేమీ లేదు.

అసలు చిక్కు ఇది: జబ్బు తీవ్రంగా ఉన్నవారిలోనే చివరికి యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ యాంటీబాడీలుంటే ఎక్కువ రక్షణ అనుకునేవారికి ఇది తలకిందుల లెక్క. కారణం, ఎక్కువ రోజులు ఎక్కువ వైరస్ ఉంటే శరీరానికి ఎక్కువ ప్రేరణ దొరుకుతుంది. అందుకే ఇరవయ్యో రోజున ఎన్ని ఉన్నాయన్న దానికంటే, ఆస్పత్రిలో చేరే రోజుకు అసలు ఉన్నాయా లేదా అన్నదే ఎక్కువ చెబుతుంది.

దీనికి గట్టి సాక్ష్యం కూడా రికవరీ ట్రయల్ నుంచే వచ్చింది. కాసిరివిమాబ్, ఇమ్‌డెవిమాబ్ అనే ల్యాబ్‌లో తయారైన యాంటీబాడీల జోడీని ఆస్పత్రి రోగులకు ఇచ్చి, ముందే చాలామందికి యాంటీబాడీ పరీక్ష చేశారు. సొంత యాంటీబాడీలు ఇంకా రానివారిలో మరణాలు 30 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి. అప్పటికే యాంటీబాడీలున్నవారిలో ప్రయోజనం సున్నా. అందరినీ కలిపి సగటు తీస్తే ఈ తేడా కనిపించకుండా పోయేది. తర్వాత వైరస్ రూపం మార్చుకోవడంతో ఆ మందుకు కాలం చెల్లింది, కానీ చెప్పిన పాఠం మిగిలింది.

ప్లాస్మా చికిత్స, అంటే కోలుకున్నవారి రక్తంలోని యాంటీబాడీలున్న ద్రవాన్ని రోగికి ఎక్కించడం, దాని కథనూ ఇదే కోణంలో చదవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో 39 ఆస్పత్రుల్లో 464 మందితో ప్లాసిడ్ ట్రయల్ జరిపింది. జబ్బు ముదరడం లేదా మరణం ప్లాస్మా ఇచ్చినవారిలో 19 శాతం, ఇవ్వనివారిలో 18 శాతం. అయినా ఆ తర్వాత కూడా నెలల తరబడి "బి పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్" మెసేజ్‌లు వాట్సాప్‌లో తిరిగాయి. 2021 మేలో గానీ దాన్ని జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేయలేదు. దీనికి ఎదురుగా అర్జెంటీనాలో జరిగిన ఓ చిన్న ట్రయల్ ఉంది. 160 మంది వృద్ధుల్లో సగం మందికి, లక్షణాలు మొదలైన 72 గంటల్లోపే, యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న ప్లాస్మానే ఎంచి ఇచ్చారు. శ్వాస ఇబ్బంది తీవ్రం కావడం 31 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. రెండు ట్రయల్స్‌లోనూ వాడింది ప్లాస్మానే. ఎక్కించిన రోజు వేరు, సంచిలో ఉన్న యాంటీబాడీల బలం వేరు.

### సొంత సైన్యం మీదే గురిపెట్టే యాంటీబాడీలు

అన్ని యాంటీబాడీలూ మేలు చేసేవి కావు. 2020 సెప్టెంబరులో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఈ విషయంలో వైద్యులను ఉలిక్కిపడేలా చేసింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ న్యుమోనియా రోగుల్లో 101 మందికి టైప్-1 ఇంటర్‌ఫెరాన్లను నిర్వీర్యం చేసే యాంటీబాడీలు ఉన్నాయి. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్ రాగానే కణాలు మోగించే మొదటి గంట. ఈ యాంటీబాడీలు ఆ గంట నాలుకనే పట్టేసుకుంటాయి. 101 మందిలో 95 మంది మగవాళ్లే. లక్షణాలు లేని లేదా స్వల్పంగా ఉన్న 663 మందిలో ఒక్కరికీ ఇవి లేవు. కోవిడ్ రాకముందు తీసి దాచిన నమూనాలు దొరికిన కొందరిలోనూ ఇవి కనిపించాయి, అంటే జబ్బు వల్ల పుట్టినవి కావు. వయసు డెబ్బై దాటాక ఇవి ఎక్కువవుతాయని తర్వాతి పరిశీలనల్లో తేలింది. తీవ్రమైన ఫ్లూ న్యుమోనియా రోగుల్లోనూ కొద్ది శాతం మందిలో దొరికాయి.

### ఫ్రాన్సిస్ మళ్లీ వచ్చాడు

సీఆర్‌పీని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన థామస్ ఫ్రాన్సిస్ తర్వాత ఫ్లూ వైరస్‌ల మీద పనిచేశాడు. మనిషి జీవితంలో మొదటిసారి ఏ ఫ్లూ వైరస్‌ను ఎదుర్కొంటాడో, దాని ముద్ర యాంటీబాడీల మీద చివరిదాకా ఉంటుందని 1960లో ప్రతిపాదించాడు. కొత్త వైరస్ వచ్చినా శరీరం ముందు పాత యాంటీబాడీలనే బయటికి తీస్తుంది. ఇది ఒక్కోసారి వరం, ఒక్కోసారి శాపం.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు రెండూ కనిపించాయి. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మేలో హైదరాబాద్‌లోనే నమోదైంది. మామూలు ఫ్లూ వృద్ధులను బలి తీసుకుంటుంది, ఇది మాత్రం వాళ్లను చాలావరకు వదిలేసి నడివయసువారి మీద పడింది. 1950కి ముందు పుట్టినవారి సీరం నమూనాలను అమెరికాలో పరీక్షిస్తే, 34 శాతం మందిలో కొత్త వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ముందే ఉన్నాయి. 1918 నాటి వైరస్ సంతతి 1957 దాకా తిరగడం వల్ల చిన్నతనంలో వాళ్లకు అబ్బినవవి. నడివయసువారికి ఉన్నవి వేరు. వైరస్‌ను పట్టుకుంటాయి, నిర్వీర్యం చేయవు. అలా పట్టుకున్న గుంపులు ఊపిరితిత్తుల్లో పేరుకుని నష్టాన్ని పెంచిన ఆనవాళ్లు చనిపోయిన కొందరిలో కనిపించాయి.

### ఇప్పుడు యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే

ఐసీఎంఆర్ మొదటి సీరో సర్వేలో, 2020 మే-జూన్‌లో, పెద్దల్లో యాంటీబాడీలున్నది 0.73 శాతం మందికే. 2021 జూన్-జులై నాటికి, ఆరేళ్లు దాటిన పిల్లలనూ కలిపి చూస్తే, అది 67.6 శాతం. ఆ తర్వాత ఒమిక్రాన్, టీకాలు కలిసి దాదాపు అందరినీ పాజిటివ్ చేసేశాయి. ఇవాళ న్యుమోనియాతో చేరిన మనిషికి కోవిడ్ యాంటీబాడీలు ఉన్నాయని తేలితే, ఆ న్యుమోనియాకు కారణం కోవిడే అని చెప్పే వీల్లేదు. కారణం తేల్చేది పీసీఆర్ పరీక్షే. సీరం ద్వారా తేల్చాలంటే పాత పద్ధతి ఒకటుంది: జబ్బు మొదట్లో ఒకసారి, రెండు మూడు వారాలకు ఇంకోసారి రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగింతలు పెరిగాయా అని చూడటం. అప్పటికి రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు కాబట్టి చికిత్సకు అది పనికిరాదు.

పరీక్షకు ఇంకా ప్రయోజనం ఉన్నది కొద్దిమందికే. కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడేవారు, రిటుక్సిమాబ్ అనే మందు తీసుకుని, యాంటీబాడీల తయారీకి మూలమైన బి-కణాలు తుడిచిపెట్టుకుపోయినవారు ఎన్ని డోసులు వేయించుకున్నా యాంటీబాడీలు తయారు చేయలేకపోవచ్చు. వాళ్లలో వైరస్ వారాల తరబడి మెల్లగా కొనసాగుతుంది, సీఆర్‌పీ తగ్గుతూ మళ్లీ పెరుగుతూ ఉంటుంది. అలాంటి రోగి రిపోర్టులో స్పైక్ ప్రోటీన్ (వైరస్ పైన ముళ్లలా ఉండేది) యాంటీబాడీ నెగెటివ్ వస్తే అది చికిత్సను మార్చే సమాచారమే. వైరస్ లోపల ఉండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ మీద యాంటీబాడీ పాజిటివ్ వస్తే మాత్రం డాక్టరు ముందు అడగాల్సింది ఏ టీకా వేయించుకున్నారని. స్పైక్ ఒక్కదాన్నే చూపించే కొవిషీల్డ్ అయితే అది ఎప్పుడో వైరస్ సోకిందనడానికి గుర్తు. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది, అది వేయించుకున్నవారికి టీకా వల్లే అలా రావొచ్చు.